ఆమదాలవలస నుంచి విజయనగరానికి, చెవి డాక్టరు కోసం

ఏడాది పాటు నా శిష్యురాళ్ళందరికీ గొంతు తగ్గిపోయిందనే అనుకున్నాను. "నోరు తెరిచి పాడవే, ఇంట్లో అన్నం పెట్టలేదా?" అని ఒక్కొక్కదాన్నీ కసిరాను. ఆమదాలవలసలో రైలు పట్టాలకు ఇవతలి వీధిలో రెండు గదుల వాటా నాది. సాయంత్రం నాలుగు దాటాక తొమ్మిదిమంది ఆడపిల్లలు వచ్చి చాప మీద కూర్చుని సంగీతం నేర్చుకుంటారు. మా నాన్నగారు గుళ్ళో మేలుకొలుపులు పాడేవారు. ఆయన నుంచి నాకు సంక్రమించిన ఆస్తి ఒక వీణ, కాస్త ముక్కుమీద కోపం. మావారు పోయి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు. ఆ తొమ్మిదిమందీ రాకపోతే ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఉండదు. దీపావళి వెళ్ళిన వారంలో ఒక పిల్ల కీర్తన పాడుతుంటే నేను కళ్ళు మూసుకుని తాళం వేస్తున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆ పిల్ల ఎప్పుడో పాట ఆపేసి నా వంకే చూస్తోంది. నేనేమో తాళం వేస్తూనే ఉన్నాను. మిగతా పిల్లలు నవ్వలేదు. నవ్వి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నవ్వకపోయేసరికి భయం వేసింది. లోపం వాళ్ళ గొంతులో కాదు, నా చెవుల్లో ఉందని ఆ పూట ఒప్పుకున్నాను.

మా ఊరి మందుల షాపులో కంపౌండరును అడిగాను, నాకోసం కాదు, మా పిన్ని కోసం అని చెప్పి. చెవిటి సంగీతం పంతులమ్మ దగ్గరికి పిల్లల్నెవరు పంపుతారు? విశాఖపట్నం నుంచి చెవి, ముక్కు, గొంతు చూసే పెద్ద డాక్టరు ఒకాయన పదిహేను రోజులకొకసారి శనివారం విజయనగరం వస్తారనీ, మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక మేడ మీద గదిలో చూస్తారనీ అతను చెప్పాడు. ఊరికే వెళితే చూడరట. ముందుగా కార్డు రాసి, జవాబు వచ్చాక వెళ్ళాలట. "పరీచ్చంటే పెద్ద ఏటీ కాదమ్మా, మా మావని నేనే తీసుకెల్లాను. ఎనకాల నిలబడి ఓ ఇనప కడ్డీ మోగిస్తారు. ఇనపడితే సెయ్యెత్తాల. ఓ పదిసార్లు, అంతే" అన్నాడు, కౌంటరు మీద నుంచి వంగి. కార్డు రాశాను. పది రోజులకి జవాబు వచ్చింది: శనివారం, పదకొండు గంటలకు.

ఇక్కడే నా బుద్ధి వక్రించింది. పరీక్ష అనగానే నెగ్గాలనే తప్ప మరో ఆలోచన తోచని వంశం మాది. మోగించేది మనిషే కదా, మనిషి చేతికి ఒక నడక ఉంటుంది కదా, ఆ నడక పట్టుకుంటే చాలదా అనుకున్నాను. వారం రోజులు గోడ వైపు తిరిగి కూర్చుని, కొంగు చాటున వేళ్ళు మడుస్తూ లెక్క పెట్టుకుని, ఎనిమిది లెక్కల ఆవర్తనానికి ఒకసారి చెయ్యెత్తడం సాధన చేశాను. ఎవరైనా చూస్తే పిచ్చి పట్టిందనుకునేవారు. చూసేవాళ్ళెవరూ లేరు కనక సాధన బాగానే సాగింది. రోగాన్ని చూపించుకోవడానికి వెళుతూ రోగం లేదనిపించుకోవడానికి తయారయ్యాను. ఇంతకన్నా తెలివితక్కువ ప్రయాణ సన్నాహం మీరెవరూ చేసి ఉండరు.

శ్రీకాకుళం ఊళ్ళోకి రైలు రాదని కొత్తవారికి తెలియకపోవచ్చు. అక్కడి నుంచి వచ్చేవారు బస్సులో ఎనిమిది మైళ్ళు ప్రయాణం చేసి మా ఆమదాలవలస రావాలి. ఇక్కడి స్టేషను పేరే శ్రీకాకుళం రోడ్డు. నాకు మాత్రం నడిచి పది నిమిషాల దూరం. మాఘమాసం, మంచు ఇంకా విడలేదు. ఆరింటికే గుమ్మానికి తాళం వేస్తుంటే పక్క వాటా పాపమ్మ కళ్ళాపి చల్లుతూ కనబడింది. వాళ్ళాయన బియ్యం మిల్లులో పని చేస్తాడు. నాకన్నా నాలుగేళ్ళు చిన్నది, నన్ను వదినా అంటుంది. ఆమెది మాత్రం పుట్టుకతోనే పెద్ద గొంతు, నా చెవికి కూడా ఆనుతుంది. "ఏటి వొదినా, ఇంత పొద్దున్నే ఎక్కడికి?" అంది. చీపురుపల్లిలో మా పినతల్లి కూతురింటికన్నాను. "తోడెవరు?" అంది. నాకు తోడెందుకే అని గబగబా నడిచాను. ఆమెకి చెబితే సాయంత్రానికి నూతి దగ్గర ఊరంతటికీ తెలుస్తుందని నా భయం.

పాసింజరు ఆరున్నరకని పేరు, ఏడు కావస్తుండగా కదిలింది. మూడో తరగతి టిక్కెట్టు రెండు రూపాయల లోపే. బొగ్గు నుసి కళ్ళలో పడుతుంది కనక ఇంజనుకు దూరంగా వెనక పెట్టెల్లో ఎక్కండి. ఆడవాళ్ళ పెట్టెలో చోటు దొరికింది. దూసి దాటాక నాకొక విచిత్రం జరిగింది. రైలు చప్పుడులో అందరూ ఎలుగెత్తి మాట్లాడుతున్నారు, అందరి మాటలూ నాకు వినబడుతున్నాయి! ఎదుటి బల్ల మీద ఇద్దరు ఆవు బేరం గురించి వాదించుకుంటుంటే ఒక్క ముక్క పొల్లుపోకుండా విన్నాను. పొందూరులో నూలు మూటతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. యాభై ఏళ్ళుంటాయి, చేతులకి మట్టిగాజులు. "విజీనగరం ఆసుపత్రికి ఎల్తన్నాను తల్లీ, మా పిల్ల నీళ్ళాడింది" అంది. మగపిల్లాడా, ఆడపిల్లా అని అడిగాను. మగపిల్లాడే అంది. సిగడాం దాకా ఆమె, నేనూ కబుర్లే కబుర్లు. నూలు ఎలా వడుకుతారో, సన్న నూలుకి ఏ దూది పనికొస్తుందో చెప్పింది. ఏడాదిలో ఒక మనిషితో అంతసేపు మాట్లాడింది అప్పుడే. నా చెవులకేమీ కాలేదు, తర్వాత స్టేషనులో దిగి వెనక్కి వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది. ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను.

చీపురుపల్లిలో ఎదురు బండి రావాలని మా బండిని అరగంట ఆపారు. చక్రాల మోత ఆగింది. పెట్టెలో అందరి గొంతులూ తగ్గాయి. పొందూరు ఆమె నా వైపు వంగి ఏదో చెబుతోంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నూటికి ఒక్క ముక్క కూడా అందలేదు. ఏడాదిగా నాకు అలవాటైన విద్య ఒకటుంది: వినబడనప్పుడు చిరునవ్వు నవ్వి తల ఊపడం. అదే చేశాను. ఆమె నా మొహం వంక ఒక్క క్షణం చూసి, మూట ఒళ్ళోకి తీసుకుని అటు తిరిగి కూర్చుంది. కిటికీ దగ్గరకొచ్చిన మనిషి దగ్గర తేగలు కొని ఒకటి ఆమెకివ్వబోయాను. తీసుకోలేదు. బండి కదిలి మళ్ళీ మోత మొదలయ్యాక ఎదుటి బల్ల మీది ముసలమ్మ నాకేసి చెయ్యి చాచి అరిచింది: "పుట్టిన బిడ్డ మూడోనాడే పోనాడని ఆ తల్లి ఏడుస్తంటే నీకు నవ్వెలాగొచ్చిందమ్మా?"

నాకు వినబడలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. చెవిటిదాన్ని అనిపించుకోవడం కన్నా గుండె లేనిదాన్ని అనిపించుకోవడమే మేలనిపించింది, చూడండి నా పరువు! గరివిడి వెళ్ళింది, నెల్లిమర్ల వెళ్ళింది. విజయనగరం వచ్చేదాకా పెట్టెలో ఎవరూ నాతో మాట్లాడలేదు. అన్ని మాటలూ వినబడుతూనే ఉన్నాయి, ఒక్కటీ నాకోసం కాదు. దిగేటప్పుడు పొందూరు ఆమె ముందు నడుస్తుంటే ఆమె వీపు వంక చూస్తూ చాలాసేపు ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయాను. ఆ తప్పు ఇప్పటికీ దిద్దుకోలేదు. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

స్టేషను బయట జట్కాలూ ఉంటాయి, రిక్షాలూ ఉంటాయి. జట్కావాళ్ళు ఎక్కేదాకా ఒకమాట, దిగాక ఒకమాట. రిక్షా నయం. మూడు లాంతర్ల దాకా అర్ధరూపాయి. కొత్త పైసలు వచ్చి పదేళ్ళయినా ఇంకా ఎనిమిదణాలనే అడుగుతారు. నాకు దొరికినతనికి తల నెరిసింది, మనిషి బక్కపలచన, గొంతు మాత్రం నగారా. "ఎక్కడికమా?" అన్నాడు. మేడ గుర్తులు చెప్పాను. "సెవి డాట్రుబాబు కాడికా? మనిసి మంచోడేనమా, మాట్లాడితేనే మీసం తప్ప ఏటీ అగుపడదు" అన్నాడు. పదకొండింటికి ఇంకా గంటకు పైగా వ్యవధి ఉంది. దారిలో ఒక హోటలు ముందు ఆపించాను. లోపల వంటాయన స్వయంగా వచ్చి ఏదో అడిగాడు. నేను తల ఊపాను. మళ్ళీ ఏదో అడిగాడు. మళ్ళీ ఊపాను. అయిదు నిమిషాల్లో నా ముందుకి ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు మూడూ వచ్చాయి. "ఇద్దరొస్తన్నారా అమ్మా?" అని చెవి దగ్గర అరిచాడు, ఎదుటి ఖాళీ కుర్చీ చూపిస్తూ. కాదు నాయనా, నేనొక్కదాన్నే అన్నాను. ఇడ్లీ బాగుంది. పెసరట్టు ఆకులో కట్టించి రిక్షా అతనికిచ్చి, తిరిగి స్టేషనుకి తీసుకెళ్ళేదాకా మేడ కిందే ఉండమన్నాను.

మేడ మెట్లు ఇరుకు, చీకటి, ముసలివాళ్ళు గోడ పట్టుకుని ఎక్కాలి. పైన వసారాలో రెండు బెంచీలు. ఒక తల్లి చెవిపోటు పిల్లని ఒళ్ళో వేసుకుంది. ఒక రైతు తలపాగా కింద చెవిలో దూది పెట్టుకున్నాడు. ప్రతివాళ్ళ పక్కనా ఒకరున్నారు. నా పక్కన నా సంచీ ఉంది. అందులో నేను రాసుకున్న కాగితం: ఎప్పటి నుంచి, ఏ చెవి ముందు, జ్వరం వచ్చిందా, చీము కారిందా. అన్నీ రాశాను, పిల్ల పాట ఆపేసిన సంగతి తప్ప.

లోపల డాక్టరు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, నుదుటికి కట్టుకున్న అద్దంతో రెండు చెవుల్లోకీ వెలుగు పంపి చూశారు. తర్వాత వినబడితే చెయ్యెత్తమన్నట్టు చేత్తో సైగ చేసి చూపించి, నా వెనక్కి వెళ్ళారు. మొదటిసారి నిజంగానే ఏదో సన్నగా తగిలింది. రెండోసారి ఆయన చొక్కా కదిలిన గాలి తెలిసింది. నడక దొరికింది. ఇక కొంగు చాటున వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. ఎనిమిది, చెయ్యి. ఎనిమిది, చెయ్యి. ఇంత సులువా అని లోలోపల మురిసిపోయాను కూడా. మరో నాలుగుసార్లు ఎత్తాక డాక్టరు వెనక నుంచి నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. ఆయన చేతులు రెండూ ఖాళీ. ఇనప కడ్డీ ఎప్పటినుంచో బల్ల మీదే ఉంది.

ఆయన నా కొంగు పక్కకి తీసి నా వేళ్ళు చూశారు. చిటికెన వేలు ఇంకా మడిచే ఉంది. వంగి నా చెవిలో గట్టిగా అడిగారు: "మీరేం చేస్తుంటారు?"

"సంగీతం చెప్తానండి."

ఆయన కోప్పడతారనుకున్నాను. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, మీసం చేత్తో పక్కకి ఒత్తుకుని, ఒక్కొక్క మాటా తుంచి అరిచారు. "పరీక్ష మీకు కాదమ్మా. మీ చెవికి." అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ముందు కోపంతోనే వచ్చిందనుకుంటాను, తర్వాత ఆగలేదు. ఆయన ఆ కడ్డీని మోచేతికి కొట్టి, దాని కాడని నా కుడిచెవి వెనక ఎముకకి ఆనించారు.

వినబడింది. సన్నగా కాదు, అస్పష్టంగా కాదు. తల మధ్యలో ఎవరో తంబుర మీటినట్టు, నిండుగా. హార్మోనియం ఒకటో కట్టె శ్రుతి. "ఒకటో కట్టెండీ!" అని గట్టిగా అరిచాను. ఆయన కడ్డీని చెవి ముందుకి తెచ్చారు, ఏమీ లేదు. మళ్ళీ ఎముక మీద పెట్టారు, మళ్ళీ వచ్చింది. ఎడమవైపు కూడా అంతే. ఏడాది తర్వాత ఒక స్వరం చివరి దాకా, అది సన్నగిల్లి ఆగిపోయేదాకా, పూర్తిగా విన్నాను. ఆయన తీసేస్తుంటే చెయ్యి పట్టుకుని ఇంకొక్కసారి అని అడిగాను. సిగ్గుపడలేదు. ఆయన మరోసారి మోగించారు.

తర్వాత ఆయన బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఏదో చెప్పారు. అసలు సంగతి అదే, నా బతుకు సంగతి. మీసం కదులుతోంది. నాకు ఒక్క మాటా అందలేదు. అదంతా అరిచి చెప్పలేక కాగితం మీద రాశారు, డాక్టర్లకి అలవాటైన ఇంగ్లీషులో. నాకు ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, అంతకుమించి రాదు. "మీ వెంట ఎవరొచ్చారు?" అని అరిచారు. అది వినబడింది. ఎవరూ రాలేదన్నాను. ఎవరో ఒకరిని పిలవమన్నారు. ఆ గదిలో కూర్చుని విజయనగరంలో నాకు తెలిసినవాళ్ళెవరా అని ఆలోచించాను. విజయనగరంలోనే కాదు, ఎక్కడైనా ఎవరా అని ఆలోచించాను. చివరికి కిటికీ దగ్గరికి వెళ్ళి, కింద రిక్షాలో పెసరట్టు తింటున్న మనిషిని పైకి రమ్మని చెయ్యి ఊపాను.

అతను తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. డాక్టరు చెప్పింది శ్రద్ధగా, మధ్యమధ్య తల ఊపుతూ, పూర్తిగా విన్నాడు. తర్వాత నా చెవి దగ్గరికొచ్చి ఎత్తుకున్నాడు. "అమా! సెవి లోపల సిన్న ఎముక బిగుసుకుపోనాదట! నరం బతికే ఉన్నాదట! మద్రాసులో ఆపరేసను సేస్తారట, సేస్తే ఇనపడొచ్చట! ఒట్టేసి సెప్పనేరట! పదేను రోజులు అక్కడే ఉండాలట, ఒకలు తోడుండాలట, ఆ తోడొచ్చినోలు సంతకం ఎట్టాలట!" వసారాలో కూర్చున్నవాళ్ళందరూ గుమ్మంలోకి తొంగి చూశారు. ఏడాదిగా నేను గుట్టుగా దాచుకున్నది మూడు లాంతర్ల వీధి దాకా వినబడి ఉంటుంది. అతను అంతటితో ఊరుకోలేదు. డాక్టరు వైపు తిరిగి, నేనేమీ అడగమనకుండానే, అదే గొంతుతో అడిగాడు: "బాబూ, మా అమ్మకి పిల్లల పాట మల్లీ ఇనపడతాదా?"

సంగీతం చెబుతానని నేనన్న మాట డాక్టరే అతనికి చెప్పి ఉంటారు. డాక్టరు నా వైపు చూసి చెయ్యి అటూ ఇటూ తిప్పారు, చాలామందికి వస్తుంది, రాకపోవచ్చు కూడా అన్నట్టు. అతను ఆ మాటే మళ్ళీ అరిచి చెప్పాడు. ఫీజు పది రూపాయలు. మద్రాసు ఆసుపత్రికి ఒక ఉత్తరం, దానితో పాటు అచ్చు కాగితం ఒకటి ఇచ్చారు. ఇంగ్లీషు పక్కనే తెలుగులో కూడా ఉంది: రోగి పేరు, వయసు, ఊరు. చివర ఒక గీత: తోడు వచ్చువారి పేరు. స్టేషనుకి తిరిగి వెళ్ళేటప్పుడు అతను మరో అర్ధరూపాయి తీసుకోనన్నాడు, బలవంతాన చేతిలో పెట్టాను. నా మంచీచెడ్డా అందరికన్నా ముందు విన్న మనిషి అతనే. అతని పేరూ అడగలేదు.

తిరుగు పాసింజరు నాలుగింటికి. శనివారం సాయంత్రం రద్దీ ఎక్కువ, అరగంట ముందే వెళ్ళండి. దారి పొడుగునా ఆ గీత వంకే చూశాను. మావారి తరఫు వాళ్ళు నలుగురు గుర్తొచ్చారు, ఉత్తరం రాయడానికి చెయ్యి రాదు. నా శిష్యురాళ్ళ తల్లులు గుర్తొచ్చారు, వాళ్ళ దగ్గరే కదా దాచింది. చీపురుపల్లి వచ్చేసరికి తెలిసిన పేర్లన్నీ అయిపోయాయి. చీకటి పడుతుండగా ఇంటికొచ్చి పడుకున్నాను.

ఆదివారం ఉదయం పాపమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. వెళ్ళి ఎదురుగా కూర్చుని, నిన్న చీపురుపల్లి వెళ్ళలేదని చెప్పాను. మిగతాది కూడా చెప్పాను, తాళం సంగతితో సహా. చేట ఆగింది. నా చేతిలో కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు. ఆ గీత ఏమిటో చెప్పాను. తల వంచుకుని ఏదో అంది. అంత పెద్ద గొంతు మనిషి, ఆ మాట మాత్రం నోట్లోనే అనుకున్నట్టు అంది. పెదవులు కదలడం చూశాను. నాకు నవ్వి తల ఊపబుద్ధయింది. అలవాటు అంత తొందరగా పోదు.

"నాకు వినబడలేదు పాపమ్మా. గట్టిగా చెప్పు" అన్నాను.

ఆ మాట నా నోట రావడం అదే మొదలు. ఆమె చేట పక్కన పెట్టి నా మొహంలో మొహం పెట్టింది. "నా పేరు రాసీ అంతన్నాను వొదినా! మిల్లు రద్దీ తగ్గినాక ఎల్దుం! పాపమ్మ అని రాసీకు, రేసను కార్డులోన పాపాయమ్మ అని ఉంతాది, అలగే రాయి!"

ఇది రాసేనాటికి మద్రాసు ప్రయాణం ఇంకా కాలేదు. ఆపరేషను ఫలిస్తుందో లేదో నాకు తెలియదు. సంగతి చెప్పాక తొమ్మిదిమందిలో ముగ్గురు మానేశారు, ఆరుగురు వస్తున్నారు. వాళ్ళని దగ్గరగా కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరి గొంతు మీదా వేలు ఆనించి వింటున్నాను. సాయంత్రం వాళ్ళు వెళ్ళిపోయాక ఇల్లు మునుపటిలాగే నిశ్శబ్దంగా ఉంటుంది. అది చెవి వల్లో ఒంటరితనం వల్లో మునుపు తెలిసేది కాదు, ఇప్పుడు కొంచెం తెలుస్తోంది. పొందూరు ఆమె మాత్రం రోజూ గుర్తొస్తుంది.

ఈ దారిన చెవి చూపించుకోవడానికి వెళ్ళేవారికి ఒక్క సలహా: లక్షణాలు రాసుకోకపోయినా ఫరవాలేదు గానీ, డాక్టరు గదిలోకి చెవి వినబడే మనిషిని ఒకర్ని వెంట తీసుకెళ్ళండి. ఎవరూ దొరక్కపోతే రిక్షా అతన్ని మొదటే పైకి రమ్మనండి, వస్తాడు.